మూడు ముప్పై తొమ్మిదులు

కోదాడలో ఉండే మా బాబాయికి ఓట్ల లెక్కింపు రోజు చేతినిండా పని. పొద్దున ఎనిమిది కాకముందే టీవీ ముందు చాప వేసుకుని, లాంగు నోటుబుక్కులో నియోజకవర్గం, గెలిచినాయన, పార్టీ, మెజారిటీ అని నాలుగు గళ్లు గీసుకుని కూర్చుంటాడు. ఊరు తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులో ఉంది, చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. కాబట్టి రెండు రాష్ట్రాల లెక్కా ఆయనకు కావాల్సిందే. 2024 జూన్‌లో ఆంధ్ర ఫలితాలు వచ్చిన మర్నాడు ఫోన్ చేశాడు.

"ఏరా, జగన్ పార్టీకి ముప్పై తొమ్మిది శాతం ఓట్లు వచ్చాయంటున్నారు. మొన్న డిసెంబర్లో ఇక్కడ కాంగ్రెస్‌కీ ముప్పై తొమ్మిదేగా? వాళ్లు సర్కారు పెట్టారు, వీళ్లకి పదకొండు సీట్లా? ఇదేం లెక్కరా?"

"బాబాయ్, 2019లో చంద్రబాబుకి వచ్చింది కూడా ముప్పై తొమ్మిదే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. నోటుబుక్కు తిప్పుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

అంకెలు చూడండి. 2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2023 తెలంగాణలో కాంగ్రెస్‌కు 39.40 శాతం ఓట్లు, 119లో 64 సీట్లు. 2024 ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు. మూడింటి మధ్య తేడా పావు శాతం కూడా లేదు. ఒకరికి అధికారం, ఒకరికి ప్రతిపక్ష హోదా, ఇంకొకరికి సభలో పదో వంతు సీట్లు కూడా లేక ఆ హోదా కోసం పేచీ.

టీవీ చర్చల్లో దీన్ని "గాలి" అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. గాలి ఉంటుంది, కాదనను. కానీ గాలి పేరు చెప్పి తప్పించుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. మనం ఎప్పుడూ ఆ 39నే చూస్తున్నాం. చూడాల్సింది మిగిలిన 61ని. అది ఎన్ని చేతుల్లో ఉంది, ఏ ఊళ్లో ఎంత ఉంది, ఎవరి పేరు మీద పడింది? కథంతా అందులోనే ఉంది.

మన ఎన్నికల్లో పాసు మార్కు అంటూ లేదు. క్లాసులో ఫస్టు వస్తే చాలు. నూటికి ఎనభై తెచ్చుకున్నా సీటు ఒకటే, ముప్పై నాలుగు తెచ్చుకున్నా సీటు ఒకటే. పైగా రాష్ట్రమంతా ఒకే పరీక్ష కూడా కాదు. తెలంగాణలో జరిగేది 119 వేర్వేరు పోటీలు. రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఓట్ల శాతం అనేది ఆ పోటీలన్నీ అయిపోయాక మనం కూడుకుని చూసుకునే లెక్కే తప్ప, ఏ రిటర్నింగ్ అధికారీ దాన్ని చూసి ఎవరికీ గెలుపు పత్రం ఇవ్వడు.

ఇదంతా ఒకే చోట చూడాలంటే కామారెడ్డికి వెళ్లాలి.

2023లో అక్కడి బరిలో ముఖ్యమంత్రి, బీఆర్ఎస్ అధినేత కె. చంద్రశేఖర్ రావు (కేసీఆర్) ఉన్నారు. ఆయన మీద రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడు రేవంత్ రెడ్డి నిలబడ్డారు. ఒకరు అప్పటి ముఖ్యమంత్రి, ఇంకొకరు వారం తిరగకుండానే ముఖ్యమంత్రి అయిన మనిషి. కేసీఆర్ తల్లిగారి ఊరు కోనాపూర్ ఆ ప్రాంతంలోదే అని, అందుకే వచ్చారని పార్టీవాళ్లు చెప్పుకున్నారు. ఆయన కోసం సిట్టింగ్ ఎమ్మెల్యే గంప గోవర్ధన్ తప్పుకున్నారు. అటు రేవంత్ కోసం షబ్బీర్ అలీ తన పాత సీటు వదిలి నిజామాబాద్ అర్బన్‌కు వెళ్లి, అక్కడ ఓడిపోయారు. ఒక పెద్దమనిషి నియోజకవర్గం మారితే పక్క జిల్లా దాకా పావులు కదులుతాయనడానికి ఇది మంచి మచ్చుతునక.

గెలిచింది ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు, కేసీఆర్‌కు 59,911, రేవంత్‌కు 54,916 వచ్చాయి. మెజారిటీ 6,741. ఓడిన ఇద్దరి ఓట్లూ కలిపితే 1,14,827. గెలిచినాయనకు పడ్డవి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందని చాలామంది అప్పట్లో సరదాగా అనేశారు. నాకది సగమే నిజం అనిపిస్తుంది. పట్టణ మాస్టర్ ప్లాన్‌లో తమ భూములు పారిశ్రామిక జోన్‌లోకి పోతున్నాయని 2023 మొదట్లో కామారెడ్డి రైతులు రోడ్డెక్కినప్పుడు వెంకటరమణారెడ్డి వాళ్ల మధ్యే ఉన్నారు. స్థానికుడు. మిగతా ఇద్దరూ ఇంకో చోట కూడా నామినేషన్ వేసి వచ్చినవాళ్లు. గెలిచాక ఎవరు ఇక్కడ ఉంటారు, ఎవరు రాజీనామా చేసి రెండో సీటుకు పోతారు అన్న లెక్క ఓటరు వేసుకోడా? ముక్కోణపు పోటీ తలుపు తెరిచింది, నిజమే. లోపలికి నడిచి వెళ్లింది మాత్రం అభ్యర్థే.

ఈ రెండు సీట్ల సంగతి వచ్చింది కాబట్టి కాస్త పక్కకు వెళ్లొద్దాం. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్ల పోటీ చేసి మూడూ గెలిచారు. అంటే కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింట్లోనూ ఒక్కో సీటు. 1989లో ముఖ్యమంత్రిగా ఉంటూనే హిందూపురంతో పాటు కల్వకుర్తిలో నిలబడి, కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది అధికారమూ పోయింది. 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి ఒకరు రెండు చోట్లకు మించి పోటీ చేయకూడదన్నారు. 2023లో తెలంగాణలో ముగ్గురు పెద్ద నాయకులు ఆ రెండో అవకాశాన్ని వాడుకున్నారు. కేసీఆర్ గజ్వేల్‌లో 45,031 మెజారిటీతో గెలిచి కామారెడ్డిలో ఓడారు. రేవంత్ కొడంగల్‌లో 32,532తో గెలిచి కామారెడ్డిలో ఓడారు. బీజేపీ నాయకుడు ఈటల రాజేందర్ సొంత హుజూరాబాద్‌లోనూ, కేసీఆర్ మీద గజ్వేల్‌లోనూ ఓడారు. ఆరు ప్రయత్నాల్లో రెండే గెలుపులు. రెండో సీటు బీమా పాలసీ లాంటిదని నాయకులు అనుకుంటారు. ఓటరుకు అది అపనమ్మకంలా కనిపిస్తుంది.

ఇక గాజువాకకు వద్దాం. 2019కీ 2024కీ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ఏం మారిందో ఈ ఒక్క సీటు చెప్పేస్తుంది.

2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డికి 75,292 ఓట్లు, జనసేన అధినేత పవన్ కళ్యాణ్‌కు 58,539 ఓట్లు వచ్చాయి. మూడో స్థానంలో ఉన్న తెలుగుదేశం అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు కూడా 56 వేల పైచిలుకు. రెండు, మూడు స్థానాలు కలిపితే లక్షా పదిహేను వేలు. గెలిచినాయనవి డెబ్బై అయిదు వేలు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి కట్టాయి. గాజువాకలో అదే పల్లా శ్రీనివాసరావు నిలబడి 95,235 మెజారిటీ తెచ్చుకున్నారు. రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీ అదే. ఐదేళ్ల కిందట మూడో స్థానంలో ఉన్న మనిషి!

భీమవరంలో ఇంకా తమాషా. 2019లో పవన్ ఓడిన రెండో సీటు అది. అప్పుడు అక్కడ తెలుగుదేశం తరఫున పోటీ చేసి మూడో స్థానంలో నిలిచిన పులపర్తి రామాంజనేయులు 2024లో జనసేనలోకి వచ్చి, గాజు గ్లాసు గుర్తు మీద గెలిచారు. కూటమి అంటే పైన నాయకులు చేతులు కలపడమే కాదు, కింద అభ్యర్థులు కండువాలు మార్చుకోవడం కూడా.

జనసేన లెక్క అయితే పాఠ్యపుస్తకంలో పెట్టదగింది. 2019లో ఆ పార్టీకి 5.53 శాతం ఓట్లు, ఒక్క సీటు, అదీ రాజోలు. 2024లో 6.85 శాతం ఓట్లు, పోటీ చేసిన 21కి 21 సీట్లు. ఓట్లు పెరిగింది శాతంన్నర లోపే. 2019లో అవి రాష్ట్రమంతా పలచగా చల్లుకుపోయాయి. 2024లో ఎంచుకున్న 21 చోట్ల కుప్ప పడ్డాయి, వాటికి తోడు మిత్రపక్షాల ఓట్లు కలిశాయి.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. 2024లో తెలుగుదేశానికి 45.60, జనసేనకు 6.85, బీజేపీకి 2.83 శాతం వచ్చాయి. అన్నీ కలిపితే 55 దాటింది. అంటే జగన్ పార్టీకి రాని 61లో 55 ఒకే మూటలో ఉంది. ప్రతి నియోజకవర్గంలో ఒక వైపు 39, ఇంకో వైపు 55 ఉంటే 39 గెలిచే చోటు ఎక్కడుంటుంది? సొంత బలం ప్రత్యేకంగా ఉన్న పులివెందుల లాంటి కొన్ని చోట్లే. 2019లో చంద్రబాబు ఎదుట 49.95 శాతం ఒకే పార్టీ దగ్గర ఉంది. తేడా పదకొండు లోపు కాబట్టి 23 దక్కాయి. 2024లో తేడా పదహారు, 11 దక్కాయి. తెలంగాణ కాంగ్రెస్ ఎదుట మాత్రం ఆ 61 ముక్కలై ఉంది. బీఆర్ఎస్ దగ్గర 37.35, బీజేపీ దగ్గర 13.90, మిగతాది మజ్లిస్, బీఎస్పీ, సీపీఎం, స్వతంత్రులు, నోటాల మధ్య.

దానికి తోడు రంగంలోకి రానివాళ్ల సంగతీ ఉంది. 2023లో తెలంగాణలో తెలుగుదేశం పోటీ చేయలేదు. షర్మిల వైఎస్సార్ తెలంగాణ పార్టీ కాంగ్రెస్‌కు మద్దతు ప్రకటించి తప్పుకుంది. సీపీఐ కొత్తగూడెం ఒక్క సీటు తీసుకుని కాంగ్రెస్‌తో కలిసింది, ఆ ఒక్కటీ గెలిచింది. ఎన్నికల్లో ఎవరు నిలబడ్డారో రాస్తాం గానీ, ఎవరు నిలబడలేదో రాసుకోం. బాబాయి నోటుబుక్కులోనూ ఆ గడి లేదు.

జవాబులో రెండో సగం ఓట్లు పడిన చోటుకు సంబంధించింది.

తెలంగాణలో కాంగ్రెస్‌కు 92.35 లక్షల ఓట్లు, బీఆర్ఎస్‌కు 87.53 లక్షలు. తేడా 4.8 లక్షలు. రాష్ట్రంలోని 35 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలకు పంచితే బూత్‌కు పదమూడు, పద్నాలుగు ఓట్లు. ఒక్కో బూత్‌లో రెండు మూడు కుటుంబాల ఓట్లు. ఇంత చిన్న తేడాకు 64, 39 సీట్లంటే, ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయో చూడాలి.

హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో మజ్లిస్‌కు 7, బీఆర్ఎస్‌కు 7, బీజేపీకి గోషామహల్ ఒకటి. కాంగ్రెస్‌కు సున్నా. చుట్టుపక్కల శివారుల్లోనూ బీఆర్ఎస్ కారుదే జోరు. కుత్బుల్లాపూర్‌లో కె.పి. వివేకానంద 85,576 మెజారిటీతో గెలిచారు, ఆ ఎన్నికల్లో అదే రికార్డు. కానీ 85 వేలతో గెలిచినా ఒక్క సీటే కదా. ఆ మెజారిటీలో పదో వంతు జుక్కల్లో ఉండి ఉంటే? అక్కడ కాంగ్రెస్ గెలిచింది 1,152 ఓట్లతో. దేవరకద్రలో 1,392తో. రాజధాని చుట్టూ బీఆర్ఎస్ ఓట్లు అవసరానికి మించి గుట్టపడ్డాయి, పల్లెల్లో అవసరమైన చోట తక్కువపడ్డాయి. ఉమ్మడి ఖమ్మంలో పదికి తొమ్మిది కాంగ్రెస్, సీపీఐలవి, బీఆర్ఎస్‌కు భద్రాచలం ఒక్కటి. ఉమ్మడి నల్గొండలో పన్నెండుకు పదకొండు కాంగ్రెస్, బీఆర్ఎస్‌కు సూర్యాపేట ఒక్కటి. అదే ఉమ్మడి మెదక్‌లో పదికి ఏడు బీఆర్ఎస్. ఒకే రోజు, ఒకే రాష్ట్రం. గాలి అంటే నల్గొండలో ఒక వైపు, సిద్దిపేటలో ఇంకో వైపు వీచే గాలి ఏమిటో నాకు అర్థం కాదు.

ఓట్ల చోటు ఎంత ముఖ్యమో మజ్లిస్‌ను, బీజేపీని పక్కపక్కన పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. 2.22 శాతం ఓట్లతో మజ్లిస్‌కు 7 సీట్లు. దానికి ఆరు రెట్లకు పైగా ఓట్లతో బీజేపీకి 8. మజ్లిస్ ఓట్లన్నీ పాతబస్తీ చుట్టూ. బీజేపీవి అన్ని జిల్లాల్లో పరుచుకుని, గోషామహల్ తప్పిస్తే ఆదిలాబాద్, నిర్మల్, ముధోల్, సిర్పూర్, ఆర్మూర్, నిజామాబాద్ అర్బన్, కామారెడ్డి అని ఉత్తరాన ఒక వరసలో మాత్రమే పంట పండాయి. అలాగని మజ్లిస్ కోటకు బీటలు లేవనుకోకండి. యాకుత్‌పురాలో గెలిచింది 878 ఓట్లతోనే, అదీ పాతబస్తీలోనే ఉన్న ఇంకో పార్టీ ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్) అభ్యర్థి మీద.

ఇక అభ్యర్థి. ఇన్ని లెక్కల మధ్య అభ్యర్థికి అసలు విలువ ఉందా అని అడగొచ్చు. ఉంది, కానీ పార్టీలు అనుకునే చోట కాదు.

2023 ఆగస్టు 21న, షెడ్యూలు రావడానికి ఏడు వారాల ముందే, కేసీఆర్ 115 మంది పేర్లు ఒకేసారి ప్రకటించారు. సిట్టింగుల్లో ఏడుగురినే మార్చారు. ఎమ్మెల్యేల మీద జనంలో ఉన్న విసుగు పార్టీ మీదకు వచ్చి పడిందని ఫలితాల తర్వాత అందరూ అన్నారు. ఆంధ్రలో జగన్ దీనికి పూర్తిగా తిరగేసి చేశారు. ఎమ్మెల్యేలను, మంత్రులను నియోజకవర్గాలు మార్చేశారు. గుడివాడ అమర్‌నాథ్ అనకాపల్లి నుంచి గాజువాకకు, విడదల రజిని చిలకలూరిపేట నుంచి గుంటూరు పశ్చిమకు, ఆదిమూలపు సురేష్ యర్రగొండపాలెం నుంచి కొండపికి, మేరుగు నాగార్జున వేమూరు నుంచి సంతనూతలపాడుకు వెళ్లారు. నలుగురూ ఓడారు. ప్రభుత్వోద్యోగుల బదిలీల్లా ఉందని అప్పట్లో జోకులు వేసుకున్నారు. మార్చకపోయినా ఓడారు, మార్చినా ఓడారు. ఎదుటివాళ్ల ఓట్లు ఒక మూటలో ఉన్నప్పుడు అభ్యర్థిని మార్చి లాభం లేదు. అసంతృప్తి ఎమ్మెల్యే మీదా, ప్రభుత్వం మీదా అన్నది తేల్చుకోకుండా చేసిన బదిలీ, జ్వరం వచ్చినవాడికి మంచం మార్చినట్టే ఉంటుంది.

అభ్యర్థి నిజంగా లెక్క మార్చేది పోటీ గట్టిగా ఉన్న చోట, అదీ ఎక్కువగా రెబల్ రూపంలో. పటాన్‌చెరు చూడండి. 2023లో కాంగ్రెస్ మొదట నీలం మధు పేరు ప్రకటించింది. చివరకు బీ-ఫారం కాట శ్రీనివాస్ గౌడ్‌కు వెళ్లింది. బీ-ఫారం అంటే తెలుసుగా, ఫలానా వాడే మా అభ్యర్థి, మా గుర్తు ఇతనికే ఇవ్వండి అని పార్టీ ఇచ్చే కాగితం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటికల్లా అది రిటర్నింగ్ అధికారి బల్ల మీద ఉండాలి. జాబితాలో పేరు ఉండటం వేరు, బీ-ఫారం చేతిలో ఉండటం వేరు. ఆ రెండింటి మధ్య దూరంలోనే నామినేషన్ల వారమంతా కాంగ్రెస్ ఆఫీసు గాంధీభవన్ ముందు ధర్నాలు, కన్నీళ్లు నడుస్తాయి. మధు బీఎస్పీ బీ-ఫారంతో బరిలో దిగి నలభై వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. కాంగ్రెస్ ఓడింది 7,091 ఓట్లతో, బీఆర్ఎస్ అభ్యర్థి గూడెం మహిపాల్ రెడ్డి చేతిలో. ఆ నలభై వేలూ కాంగ్రెస్‌కే పడేవని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ అందులో అయిదో వంతు చాలు కదా.

గుర్తుల గొడవ ఇంకో రకం చీలిక. బీఆర్ఎస్ (పాత పేరు టీఆర్ఎస్) కారు గుర్తుకు, చూడ్డానికి దాన్ని పోలిన రోడ్డు రోలర్ బెడద పాతదే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో టీఆర్ఎస్ 5,219 ఓట్లతో ఓడిపోతే, రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి. చూపు సరిగా ఆనని ముసలివాళ్లు రోలర్‌ను చూసి కారనుకుని నొక్కేశారన్నది ఆ పార్టీ మొర. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రిటర్నింగ్ అధికారి ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలర్‌ను మార్చేస్తే, ఎన్నికల సంఘం ఆ అధికారినే తప్పించి, గుర్తును తిరిగి ఇప్పించింది. పార్టీ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. ఆంధ్రలో 2024లో గాజు గ్లాసుదీ ఇలాంటి కథే. జనసేనకు అప్పటికి గుర్తింపు లేదు, కాబట్టి అది పోటీ చేయని చోట్ల గ్లాసును స్వతంత్రులకు ఇచ్చారు. కూటమి ఓటరు పొరబడి గ్లాసు నొక్కితే ఏమిటి గతి అని హైకోర్టుకెక్కారు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటి గెలిచాక జనసేనకు గుర్తింపూ వచ్చింది, గ్లాసూ సొంతమైంది.

అభ్యర్థుల సంఖ్య దగ్గర క్షణం ఆగితే, 2023లో తెలంగాణలో మొత్తం 2,290 మంది బరిలో నిలిచారు. ఎల్బీ నగర్‌లో 48 మంది, గజ్వేల్‌లో 44, కామారెడ్డిలో 39. ఈవీఎం ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి, అభ్యర్థులంతా అయ్యాక చివర ఒకటి నోటాది. అందుకే ఎల్బీ నగర్‌లో 48కి నోటా కలిసి 49 అయ్యేసరికి మూడు యూనిట్లు చాలక నాలుగోది పెట్టాల్సి వచ్చింది. పేర్ల వరసలో ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత నమోదై గుర్తింపు లేని పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు, ఒక్కో గుంపులో అక్షర క్రమం. ముఖ్యమంత్రి పేరు మొదటి యూనిట్‌లోనే ఉంటుంది, మూడో యూనిట్ దాకా చూసే ఓటరు అరుదు.

అంతమంది ఎందుకు దిగుతారు? కొందరు పెద్ద పార్టీల డమ్మీలు. ఒక్కో అభ్యర్థికీ ఏజెంట్లు, బండ్లకు అనుమతులు ఉంటాయి, అవి పనికొస్తాయి. కొందరు పేరు పోలిక కోసం దిగినవాళ్లు. కొందరిది మాత్రం నిజమైన గోడు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. దేశంలో ఇలాంటివి చూశాకే ఆ ఏడాది డిపాజిట్‌ను అసెంబ్లీకి 250 నుంచి 5,000కు, లోక్‌సభకు 500 నుంచి 10,000కు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇప్పుడు అసెంబ్లీకి 10,000, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు డబ్బు పోయినా పర్లేదనుకుని నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 185 మంది తేలారు. బూత్‌కు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. సిట్టింగ్ ఎంపీ కవిత అక్కడ ఓడిపోయారు.

చివరిగా బాబాయి నోటుబుక్కులో రెండు పేజీలు. ఒకటి విజయవాడ సెంట్రల్. 2019లో తెలుగుదేశం అభ్యర్థి బోండా ఉమామహేశ్వరరావు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మల్లాది విష్ణు చేతిలో ఓడింది 25 ఓట్లతో. ఇరవై అయిదంటే ఒక పెళ్లిబస్సులో సగం. 2024లో అదే బోండా ఉమా అక్కడే 68,886 మెజారిటీతో గెలిచారు, విజయవాడ వెస్ట్ నుంచి బదిలీ అయి వచ్చిన వెలంపల్లి శ్రీనివాస్ మీద.

రెండో పేజీ మెదక్ లోక్‌సభది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఆ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరింటిని బీఆర్ఎస్ గెలుచుకుంది, ఒక్క మెదక్ అసెంబ్లీ తప్ప. దుబ్బాకలో బీజేపీ సిట్టింగ్ ఎమ్మెల్యే రఘునందన్ రావును మెదక్ ఎంపీగా ఉన్న కొత్త ప్రభాకర్ రెడ్డి ఓడించారు. ఆరు నెలలకు లోక్‌సభ ఎన్నికలు. ఎమ్మెల్యేగా ఓడిన రఘునందన్ ఇప్పుడు ఎంపీ అభ్యర్థి. కాంగ్రెస్ అభ్యర్థి ఎవరనుకున్నారు? పటాన్‌చెరులో బీ-ఫారం చేజారిన నీలం మధు. బీఆర్ఎస్ వెంకట్రామిరెడ్డిని దింపింది. బీజేపీకి 4.71 లక్షలు, కాంగ్రెస్‌కు 4.32 లక్షలు, బీఆర్ఎస్‌కు 3.96 లక్షలు. ఏడింట ఆరు అసెంబ్లీ సీట్లున్న పార్టీ మూడో స్థానంలోకి జారింది. రఘునందన్ మెజారిటీ 39,139.

ఆ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద కాంగ్రెస్‌కు 40.10 శాతం, బీజేపీకి 35.08, బీఆర్ఎస్‌కు 16.68 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 8, 8, సున్నా. పదిహేడోది మజ్లిస్‌ది.

ఇది చెబితే బాబాయి, "కాంగ్రెస్‌కి ఈసారి ముప్పై తొమ్మిది కూడా కాదు, నలభై. అయినా సగం సీట్లు రాలేదే?" అన్నాడు. కాసేపటికి ఆయనే, "మిగిలిన అరవై ఎవరి దగ్గరుందో చూడాలన్నమాట" అని, అయిదో గడి గీయడానికి స్కేలు ఎక్కడుందో పిన్నిని అడుగుతుంటే ఫోన్ పెట్టేశాను.